ఫోన్‌లో గిటార్ పాఠాలు: మొదలుపెట్టే ముందు తెలుసుకోవలసిన సంగతులు



వార్షికోత్సవానికి పాత విద్యార్థులం వచ్చినప్పుడల్లా మన హాస్టల్ పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, గిటార్ నేర్చుకోవాలని ఉంది. మాస్టర్ దగ్గరికి పోవడానికి డబ్బు లేదు, టైమూ కుదరదు. ఫోన్‌లోనే నేర్చుకోవచ్చంటున్నారు. ఏది మంచిది?" దీనికి ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పేరే ఎందుకు చెప్పామో తెలియకపోతే, రేపు ఇంకొకరు ఇంకో పేరు చెప్పగానే మనసు అటు పోతుంది. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మొదటి 3 నెలలు పాఠాల కోసం ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. ఉచితంగా దొరికేవాటిలో, మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా వరుస ఉన్న కోర్సు ఒక్కటే పట్టుకోండి. దానితో పాటు, వారానికి ఒకసారైనా మీ వాయింపు విని "ఇక్కడ తప్పింది" అని చెప్పే మనిషిని ఒకరిని వెతుక్కోండి. ఒకటి వరుస, రెండోది వినే చెవి. డబ్బు కట్టి తీసుకునే పాఠాలైనా, ఉచిత పాఠాలైనా ఈ రెండింటితోనే కొలవాలి.

దూరాన ఉన్న సంగీతాన్ని నేర్చుకోవడం ఇంటర్నెట్‌తోనే మొదలైందని అనుకోకండి. మన మదనపల్లెకు ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ బెసెంట్ థియోసాఫికల్ కాలేజీకి, అంటే మనం బీటీ కాలేజీ అని పిలుచుకునే చోటికి, వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్ నుంచి వచ్చిన ఆమె, సంగీతంలో పట్టా పొందిన ఆమె. ఠాగూర్ అక్కడ జనగణమన పాడి వినిపిస్తే ఆమె ఆ బాణీని పాశ్చాత్య పద్ధతిలో స్వరాలుగా రాసిపెట్టారు. ఆ పాటకు ఠాగూర్ ఇంగ్లీషు అనువాదం రాసింది కూడా ఇక్కడే. కాగితం మీద స్వరాలు వరుసగా ఉంటే, పాడిన మనిషి ఎదురుగా లేకపోయినా ఆ బాణీ ఇంకొకరి చేతికి చేరుతుంది. నేటి వీడియో పాఠం చేసే పని కూడా అదే.

ఇంకొక ఉదాహరణ ఇళయరాజా గారు. తమిళనాడులో పన్నైపురం అనే పల్లెలో పుట్టి మద్రాసు చేరారు. అక్కడ ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. లండన్ ట్రినిటీ కాలేజీ వారి క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం పొందారు. గమనించండి, పాఠ్యప్రణాళిక లండన్‌ది, విని దిద్దిన గురువు మద్రాసులో ఉన్నారు. వరుస దూరం నుంచి వచ్చినా ఫరవాలేదు, చెవి మాత్రం దగ్గరలో ఉండాలి.

"మా ఊళ్లో గిటార్ తెలిసినవాళ్లే లేరన్నా, వినేదెవరు?" అంటారేమో. మాండలిన్ శ్రీనివాస్ గారి సంగతి తెలుసుకోండి. 1969లో పాలకొల్లులో పుట్టారు. చిన్న వయసులోనే మాండలిన్ పట్టుకున్నారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. గురువు గారు పాడేవారు, పిల్లవాడు విని తీగల మీద పలికించేవాడు. అలా కర్ణాటక సంగీతంలో అప్పటిదాకా చోటు లేని వాయిద్యానికి చోటు సంపాదించారు. కాబట్టి మీ వాయింపు వినే మనిషికి గిటార్ వచ్చి ఉండాలనే నియమం లేదు. మీ చర్చిలో హార్మోనియమో కీబోర్డో వాయించే అన్న ఉంటారు. భజన మందిరంలో తబలా వాయించే మామ ఉంటారు. శ్రుతి తప్పిందా, తాళం జారిందా అన్నది వాళ్లు రెండు నిమిషాల్లో చెప్పగలరు. మొదటి మూడు నెలల్లో కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండే.

ఇక పాఠాల సంగతికి వద్దాం. ఫోన్‌లో దొరికేవి మూడు రకాలు. ఉచిత వీడియోలు, నెలకో సంవత్సరానికో డబ్బు కట్టే యాప్‌లు, వీడియో కాల్‌లో మాస్టర్ నేరుగా చెప్పే క్లాసులు.

ఉచిత వీడియోలకు లోటు లేదు, తెలుగులోనూ బోలెడు ఉన్నాయి. చిక్కంతా వరుస దగ్గరే వస్తుంది. మనం "గిటార్ పాఠం 1" అని వెతికి చూస్తాం. అది అయిపోగానే పక్కన కొత్త సినిమా పాట కార్డ్స్ కనిపిస్తాయి. దాన్ని నొక్కుతాం. అందులో మన వేళ్లకు ఇంకా అందని కార్డ్ ఉంటుంది. అది రాదు. విసుగొచ్చి ఇంకో వీడియో తెరుస్తాం. నెల తిరిగేసరికి నలభై వీడియోలు చూసి ఉంటాం, ఒక్క పాట కూడా మొదటి నుంచి చివరిదాకా రాదు. ఇది పిల్లవాడి సోమరితనం కాదు. మనల్ని ఇంకా చూసేలా చేయడానికే ఆ పక్క వీడియోలు వస్తాయి, నేర్పడానికి కాదు.

వరుస ఉన్న ఉచిత కోర్సుకు మంచి ఉదాహరణ జస్టిన్ శాండర్‌కో అనే ఆయనది. ఆయన ఆస్ట్రేలియాలోని టాస్మానియాకు చెందినవారు. లండన్‌లో స్థిరపడి, 2003 నుంచి ఇంటర్నెట్‌లో గిటార్ పాఠాలు పెట్టడం మొదలుపెట్టారు. కొత్తవాళ్ల కోర్సును మెట్లు మెట్లుగా విడదీశారు. ఒక మెట్టులో ఏమి రావాలో చెప్పి, అది వచ్చాకే తర్వాతి మెట్టుకు రమ్మంటారు. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి కానీ మాట నిదానం, మాటలు తేలిక. అర్థం కాకపోతే కింద అక్షరాలు కనిపించేలా పెట్టుకుని, వేగం 0.75కు తగ్గించి చూడండి. గిటార్‌తో పాటు కొంచెం ఇంగ్లీషు వినడం కూడా అలవాటవుతుంది. దానికి వార్డెన్ సార్ కూడా అభ్యంతరం చెప్పరు.

అంటే తెలుగు పాఠాలు వద్దని కాదు. అవి చూడండి, కానీ కోర్సుగా కాదు, పాటల కోసం. మీకు నాలుగు కార్డ్స్ వచ్చాక, ఆ నాలుగింటితో వాయించగల తెలుగు పాట ఏదో వెతుక్కోవడానికి అవి బాగా పనికొస్తాయి. తెలుగులోనే మంచి వరుస ఉన్న కోర్సు మీకు దొరికితే ఇంకా మేలు. ఏ భాషలో చెప్పినా కార్డ్ పేర్లు ఎలాగూ అవే.

మంచి పాఠాన్ని గుర్తుపట్టడం ఎలా? మదనపల్లె టమోటా మార్కెట్లో వేలంపాట పాడేవాళ్లు బాక్సు పైవరస చూసి ధర చెప్పరు, లోపల చెయ్యి పెట్టి చూస్తారు. మీరూ కోర్సులో మొదటి పాఠం ఒక్కటే చూసి మెచ్చుకోకండి. మొదటిది, అయిదోది, పదోది చూడండి. మొదటి రెండు పాఠాల్లోపల శ్రుతి చేసుకోవడం నేర్పారా? నేర్పకపోతే ఆ కోర్సు వదిలేయండి. ఎందుకంటే శ్రుతి లేని గిటార్ మీద సరైన కార్డ్ వేసినా చెడ్డగానే వినిపిస్తుంది, తప్పు మన వేళ్లదనుకుంటాం. కెమెరా రెండు చేతులనూ చూపిస్తుందా, మాస్టర్ ముఖాన్నే చూపిస్తుందా? ఎడమ చేతి బొటనవేలు గిటార్ మెడ వెనకాల ఎక్కడ ఉండాలో చెప్పారా? ముందు నిదానంగా వాయించి తర్వాత అసలు వేగంలో వాయించారా? అయిదో పాఠంలో అడిగేది నాలుగో పాఠంలో నేర్పిందేనా? "రేపు ఇది సాధన చేసి రండి" అని ఎక్కడైనా చెప్పారా? తానే గొప్పగా వాయించి చూపించి, "చూశారా, ఎంత ఈజీయో" అనే మాస్టర్ల మీద నాకు నమ్మకం తక్కువ.

పాఠాల్లో కనిపించే రెండు బొమ్మలు కొత్తవాళ్లను తికమక పెడతాయి. ఒకటి కార్డ్ బొమ్మ. ఇందులో ఆరు నిలువు గీతలు ఆరు తీగలు, అడ్డగీతలు ఫ్రెట్లు, అంటే వీణకు ఉండే మెట్ల వంటివి. ఎడమ చివరి గీత లావు తీగ. చుక్క ఉన్నచోట వేలు పెట్టాలి. చుక్కలోని 1 అంటే చూపుడు వేలు, 4 అంటే చిటికెన వేలు. రెండోది ట్యాబ్. ఇందులో ఆరు గీతలు అడ్డంగా ఉంటాయి. లావు తీగ అన్నిటికంటే కింద గీత, సన్నతీగ పై గీత. గీత మీది అంకె ఏ ఫ్రెట్ దగ్గర నొక్కాలో చెబుతుంది. కార్డ్ బొమ్మలో అంకె వేలును చెబుతుంది, ట్యాబ్‌లో అంకె ఫ్రెట్‌ను చెబుతుంది. ఈ తేడా ఒకసారి నోటుబుక్కులో గీసుకుంటే మళ్లీ మరచిపోరు. కార్డ్ అంటే మూడు లేక అంతకన్నా ఎక్కువ స్వరాలను కలిపి ఒకేసారి మోగించడం.

ఇక డబ్బు కట్టే యాప్‌ల గురించి. వీటిలో ఫిన్లండ్ వారి యూసిషియన్, ఫెండర్ గిటార్ కంపెనీ 2017లో తెచ్చిన ఫెండర్ ప్లే పేరున్నవి. 2020లో లాక్‌డౌన్ సమయంలో ఫెండర్ వారు కొత్తవాళ్లకు మూడు నెలలు ఉచితంగా ఇచ్చారు. ఇంట్లో కూర్చున్నవాళ్లు ప్రపంచమంతటా చాలామంది అప్పుడే గిటార్ పట్టుకున్నారు. యూసిషియన్ వంటి వాటిలో గొప్ప సౌకర్యం ఏమిటంటే, మీరు వాయించేది ఫోన్ మైకు ద్వారా విని, స్వరం సరిగ్గా పడిందో లేదో, సమయానికి పడిందో లేదో అప్పటికప్పుడే చూపిస్తాయి. ఆటలా ఉంటుంది, మార్కులు వస్తాయి, పిల్లలకు హుషారు.

కానీ యాప్‌కు చెవి ఉంది, కన్ను లేదు. మణికట్టు వంకరగా మడిచినా, భుజం బిగబట్టినా, బొటనవేలితో మెడను గట్టిగా పిసికినా స్వరం సరిగ్గా పడితే పచ్చగుర్తు వేస్తుంది. ఆ అలవాటు ఆరు నెలల తర్వాత చెయ్యినొప్పిగా బయటపడుతుంది. పైగా మన డార్మిటరీలో నలభై మంది మధ్య, పక్కన బకెట్ల చప్పుడు, అవతల ఎక్కాలు వల్లించే చప్పుడు. ఇవన్నీ కలిపి వింటే యాప్ తికమకపడుతుంది. నిశ్శబ్దమైన గది ఉన్నవాళ్లకోసం చేసిన వస్తువది.

దానికంటే ముఖ్యమైన సంగతి డబ్బు కట్ అయ్యే తీరు. ఈ పేరా మాత్రం అందరూ చదవాలి. మనకు తెలిసిన ఒక తమ్ముడు సంగీతం నేర్పే ఒక యాప్‌లో "7 రోజులు ఉచితం" అని చూసి నొక్కాడు. పేరు అనవసరం. ఆ ఫోన్ నంబరు వాళ్లమ్మ బ్యాంకు ఖాతాకు కలిసి ఉంది. ఆమె మార్కెట్లో టమోటాలు ఏరే కూలి పని చేస్తుంది. నాలుగు రోజులకు మోజు తీరి యాప్ తీసేశాడు. ఎనిమిదో రోజు సంవత్సరం చందా మొత్తం ఒకేసారి ఖాతాలోంచి పోయింది. ఆ అమ్మ వారం రోజుల కూలి అది. ఇంటి బాడుగ కట్టడానికి బ్యాంకుకు పోయినప్పుడు గానీ ఆమెకు తెలియలేదు. ఆ తర్వాత ఆ తమ్ముడు గిటార్ మాటే ఎత్తలేదు. నాకు బాధ కలిగించింది ఆ చివరి సంగతే.

ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే ప్లే స్టోర్‌లోకి వెళ్లి, మీ ఖాతా బొమ్మ నొక్కి, చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్లు అన్న చోట ఆ చందాను రద్దు చేయాలి. ఆటోపే అనుమతి ఇచ్చి ఉంటే, డబ్బు పంపే యాప్‌లో ఆటోపే అన్న విభాగం ఉంటుంది, అక్కడ కూడా చూసి రద్దు చేయండి. ఇలా ముందే ఇచ్చిన అనుమతి మీద డబ్బు తీసేటప్పుడు 24 గంటల ముందు సమాచారం పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ మెసేజ్ అమ్మ ఫోన్‌కు ఇంగ్లీషులో వస్తుంది, ఆమె చదవలేదు. కాబట్టి ఇంట్లోవాళ్ల ఖాతా కలిసిన ఫోన్‌లో ఉచిత ట్రయల్ అనేదే మొదలుపెట్టవద్దు. మొదలుపెడితే ఆ రోజే రద్దు చేయండి. సాధారణంగా ట్రయల్ గడువు వరకు వాడుకోనిస్తారు. సంవత్సరం చందా నెలకు లెక్కేస్తే చవక అని ప్రకటనలో చూపిస్తారు. రెండో నెలలో మానేసేవాడికి అది చవక కాదు.

మూడో రకం, వీడియో కాల్ మాస్టర్. చెవీ కన్నూ రెండూ ఉండేది ఇక్కడే. మూడు నెలలు సొంతంగా సాధన చేసి, "నేను మానను" అని మీకు నమ్మకం కలిగాక, డబ్బు కట్టదలిస్తే దీనికే కట్టమంటాను. అయితే కొన్ని సంగతులు ముందే అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది? ఇరవై మంది ఉంటే మిమ్మల్ని విడిగా వినేవాళ్లెవరూ ఉండరు, అది వీడియో చూడటంతో సమానం. క్లాసు రికార్డింగు ఇస్తారా? పరీక్షల నెలలో క్లాసు తప్పితే డబ్బు పోతుందా, తర్వాత చెబుతారా? నెలనెలా కట్టవచ్చా? ఒక క్లాసు చూసి నిర్ణయించుకోవచ్చా? ఆరు నెలలది ముందే కట్టమనేవాళ్ల దగ్గరికి తొందరపడి పోవద్దు.

వీడియో కాల్‌లో ఒక పరిమితి ఉంది. శబ్దం అటునుంచి ఇటు రావడానికి సెకనులో కొంత భాగం పడుతుంది. అందువల్ల మాస్టరూ మీరూ కలిసి ఒకే తాళానికి వాయించడం కుదరదు. ఆయన వాయిస్తే మీరు వినాలి, మీరు వాయిస్తే ఆయన వినాలి. ఇంకొకటి, ఇలాంటి కాల్స్ మనిషి గొంతుకోసం తయారైనవి. గిటార్ మోతను ఫ్యాన్ చప్పుడు అనుకుని అణిచేస్తాయి. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే అమరిక ఉంది, అది పెట్టుకుంటే తీగ మోత పూర్తిగా వెళుతుంది. సిగ్నల్ సరిగ్గా లేని రోజు కాల్ పట్టుకుని వేలాడకుండా, రెండు నిమిషాలు వాయించి వీడియో తీసి మాస్టర్‌కు పంపండి. నిజానికి కొందరు మాస్టర్లు ఈ పద్ధతిలోనే వారానికొకసారి చూసి దిద్దుతారు. మన పరిస్థితికి అదే ఎక్కువ అనువుగా ఉంటుందని నా ఉద్దేశం.

పాఠం ఎంత మంచిదైనా గిటార్ బాగుండకపోతే లాభం లేదు. నైలాన్ తీగల గిటార్, స్టీలు తీగల గిటార్ అని రెండు రకాలు ముఖ్యం. నైలాన్ వేళ్లకు మెత్తన, మెడ వెడల్పు. స్టీలుకు మోత ఎక్కువ, మొదటి రెండు మూడు వారాలు వేలిచివరలు మండుతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది. చర్చిలో, వేదిక మీద పాటలకు కార్డ్స్ వాయించాలంటే మామూలుగా స్టీలే వాడతారు. కొనేటప్పుడు 12వ ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే మంచిది. అయిదు మిల్లీమీటర్లు ఉంటే పెద్దవాళ్లకే నొక్కడం కష్టం, "నాకు గిటార్ రాదు" అని పిల్లలు మానేసేది ఇలాంటి వాటి వల్లనే. అయిదు, ఆరు తరగతుల పిల్లలకు ముప్పావు సైజు గిటార్లు దొరుకుతాయి. పుంగనూరు ఆవు పొట్టిదని ఎవరూ చిన్నచూపు చూడరు కదా, చిన్న గిటార్ కూడా అంతే. బెంగుళూరులో పనిచేసే మన పాత విద్యార్థులు, కుప్పం నుంచి రైల్లో రోజూ పోయివచ్చేవాళ్లు, ఎవరినైనా వెంటబెట్టుకుని అంగట్లో వాయించి చూసి కొనండి. ఫోటో చూసి తెప్పించుకుంటే ఆ ఎడం కనిపించదు.

శ్రుతి చేయడానికి ఉచిత ట్యూనర్ యాప్‌లు ఉన్నాయి, దీనికి డబ్బు కట్టనక్కరలేదు. లావు తీగ నుంచి సన్నతీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ. సెకనుకు కంపనాల్లో చెప్పాలంటే సుమారు 82, 110, 147, 196, 247, 330. మొదటి ఇ, చివరి ఇ ఒకే స్వరం, రెండు స్థాయిల తేడా. 82ను నాలుగుతో గుణించి చూడండి, ఫిజిక్స్ సార్ సంతోషిస్తారు. 1,200 మీటర్లకు పైన ఉన్న హార్స్లీ హిల్స్‌కు పిక్నిక్ పోయినప్పుడు గిటార్ తీసుకుపోతే, కింద చేసిన శ్రుతి కొండమీద నిలవదు. చలికి స్టీలు తీగ బిగుసుకుని స్వరం పైకి పోతుంది. గిటార్ చెడిపోయిందని భయపడవద్దు. పది నిమిషాలు ఆ గాలికి వదిలి మళ్లీ శ్రుతి చేసుకుంటే సరి.

హాస్టల్లో సాధన ఎలా? ఉదయం, సాయంత్రం స్టడీ అవర్స్ జోలికి పోవద్దు. సాయంత్రం స్నాక్స్‌కూ స్టడీకీ మధ్య అరగంట చాలు. అందులో పాఠం చూసేది పది నిమిషాలు, వేళ్లు కదిపేది ఇరవై నిమిషాలు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. వీడియో 360 నాణ్యతలో పెట్టుకుంటే వేళ్లు కనిపించడానికి సరిపోతుంది, డేటా కూడా ఎంతో మిగులుతుంది. వైఫై ఉన్నచోట ముందే దించుకుని పెట్టుకుంటే ఇంకా మేలు. ఒకే ఫోన్ అయిదుగురు చూడవచ్చు, ఒకే గిటార్ అయిదుగురు పంచుకోవచ్చు. ఒకరు వాయిస్తుంటే మిగతా నలుగురు చప్పట్లతో తాళం వేయండి. వినే చెవులు మీ గదిలోనే తయారవుతాయి. పదో తరగతి వాళ్ల పరీక్షల సమయంలో, గిటార్ బ్రిడ్జి దగ్గర తీగల కింద చేతిరుమాలు మడిచి దూర్చండి. మోత అణిగిపోతుంది, వేళ్లకు మాత్రం సాధన జరుగుతుంది.

మూడు నెలల్లో ఎంత రావాలి? మొదటి రెండు వారాలు శ్రుతి, కూర్చునే తీరు, ఇ మైనర్ కార్డ్. తర్వాత డి, జి, సి, ఎ మైనర్ ఒక్కొక్కటిగా. కార్డ్ పట్టడం కంటే ఒక కార్డ్ నుంచి ఇంకొక కార్డ్‌కు మారడమే కష్టం. జస్టిన్ గారి పద్ధతిలో దీనికి ఒక సులువైన కొలత ఉంది. గడియారం పెట్టుకుని ఒక నిమిషంలో రెండు కార్డ్స్ మధ్య ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టండి. మొదటి రోజు ఎనిమిదో పదో వస్తాయి. నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. ముప్పై దాటితే నిదానమైన పాట వాయించవచ్చు. ఎఫ్ అనే కార్డ్ దగ్గర చూపుడు వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కాలి. చాలామంది గిటార్ మూలన పెట్టేది అక్కడే. మూడు నెలలయ్యేదాకా దాని జోలికి పోవద్దు. ఎఫ్ లేని పాటలు కావలసినన్ని ఉన్నాయి.

కీర్తనలు, రాగాలు వాయించాలన్న కోరిక ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ కోర్సులన్నీ పాశ్చాత్య పద్ధతివి. వీటిలో గమకాలు నేర్పరు. తీగను పక్కకు లాగడం, వేలు జార్చడం తర్వాత కర్ణాటక సంగీతం తెలిసిన గురువు దగ్గర నేర్చుకోవలసిందే. కానీ శ్రుతి, వేళ్ల బలం, తాళం ఎక్కడికీ పోవు.

సర్టిఫికెట్టు గురించి కూడా అడుగుతుంటారు. యాప్‌లు ఇచ్చే సర్టిఫికెట్లకు గోడకు అతికించుకోవడం తప్ప పెద్ద ఉపయోగం లేదు. పరీక్ష రాయాలనుకుంటే ట్రినిటీ వారి గ్రేడులు ఇనీషియల్ నుంచి 8 వరకు ఉన్నాయి. 2020 నుంచి వీడియో తీసి పంపే పద్ధతిలో కూడా పరీక్ష పెడుతున్నారు. ఫీజు తక్కువేమీ కాదు. రెండేళ్ల సాధన తర్వాత ఆలోచించవలసిన విషయం అది.

పాత మిత్రులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో మంచం కింద దుమ్ముపట్టిన గిటార్ ఏదైనా ఉంటే హాస్టల్‌కు ఇవ్వండి. దానితో పాటు ఒక గుడ్డ సంచి, రెండు పిక్‌లు, తీగల సెట్టు ఒకటి అదనంగా ఇవ్వండి. ముందు తెగేది సన్నతీగే. దాన్ని మార్చడానికి పట్నం పోయేవాళ్లు లేక గిటార్ మళ్లీ నెలలకొద్దీ మూలన పడుతుంది. సెట్టు కొనేటప్పుడు ఆ గిటార్ స్టీలు తీగలదా, నైలాన్‌దా అని చూసి మరీ కొనండి. స్టీలు తీగల బిగువు ఎక్కువ. నైలాన్ గిటార్‌కు అవి వేస్తే బ్రిడ్జి ఊడి చేతికి వస్తుంది.